డ్రిల్లుకి ఏకాదశి ఉపవాసం

మా మావగారు ఏకాదశి ఉపవాసం ఒక్కరే ఉండేవారు కాదు. ఇంట్లో డ్రిల్లు చేత కూడా ఉంచేవారు.

నవ్వకండి, నిజంగానే. మేం నోయిడాలో ఈ పద్నాలుగో అంతస్తు ఫ్లాట్‌లోకి మారినప్పుడు, కర్టెన్లు తగిలించడానికని మా ఆయన బ్యాటరీతో నడిచే డ్రిల్లు ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నారు. వైరుండదు. పిడి అడుగున చిన్న ఇటుక ముక్కంత బ్యాటరీ తగిలించాలి. దాని మీద నాలుగు బుల్లి లైట్లుంటాయి, ఎన్ని వెలిగితే అంత ఛార్జి ఉన్నట్టు. కర్టెన్లు తగిలించిన మర్నాటి నుంచి మా ఆయన దాని మొహం చూడలేదు. మావగారు దాన్ని దత్తత తీసుకున్నారు.

ఆయనది కాకినాడ. ఉద్యోగం మాత్రం ముప్పై అయిదేళ్ళూ ఢిల్లీలోనే, కేంద్ర ప్రభుత్వంలో. సర్వీసంతా సర్కారు క్వార్టర్లలో గడిచింది. అక్కడ గోడకి మేకు కొట్టాలన్నా అర్జీ పెట్టుకోవాలట. ఆ కసంతా మా ఫ్లాటు గోడల మీద తీర్చుకున్నారు. తాళాలకో కొక్కెం, గొడుక్కో కొక్కెం, పంచాంగానికో కొక్కెం, ఆఖరికి ఆ డ్రిల్లునే తగిలించుకోవడానికి ఇంకో కొక్కెం.

పనిలో వంక పెట్టడానికి లేదు. గొడవంతా ఛార్జింగ్ దగ్గరే.

ప్రతి ఏకాదశికీ పొద్దున్నే స్నానం, పూజ ముగించుకుని బాల్కనీలో కుర్చీ వేసుకునేవారు. డ్రిల్లు ఆకాశం వైపు ఎత్తి మీట నొక్కి పట్టుకునేవారు. అది గిర్రున తిరిగి తిరిగి, మూలిగి, ఆగిపోయేదాకా వదిలేవారు కాదు. మొదటిసారి చూసి, "ఏం చేస్తున్నారు మావయ్యగారూ?" అని అడిగాను.

"కడుపు ఖాళీ చేయిస్తున్నానమ్మా. పూర్తిగా ఖాళీ అయితే గానీ బ్యాటరీకి ఆకలి పుట్టదు. లంఖణం పరమౌషధం అన్నారు ఊరికేనా?"

ఆ రోజంతా బ్యాటరీ ఆయనతోపాటు పస్తుండేది. మర్నాడు ద్వాదశి పారణ వేళకి ఆయన కంచం ముందు కూర్చుంటూ, దాన్ని ఛార్జర్ మీద కూర్చోబెట్టేవారు. ఇక రాత్రీ పగలూ అది అక్కడే, అత్తయ్యగారు చూసి తీసేదాకా.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. తప్పెక్కడుందో వెతకడానికే నాకు జీతమిస్తారు. డ్రిల్లుతో వచ్చిన కాగితం మొత్తం చదివాను. ఇది లిథియం బ్యాటరీ. దీన్ని అడుగంటా ఖాళీ చెయ్యకూడదు. ఖాళీగా ఉంచెయ్యకూడదు. వేడిగా ఉన్నప్పుడు ఛార్జింగ్ పెట్టకూడదు. కొన్నాళ్ళు వాడం అనుకుంటే సగం ఛార్జితో చల్లటి చోట పెట్టుకోవాలి. సగంలో ఛార్జింగ్ మొదలుపెట్టినా, సగంలో తీసేసినా దానికేం నష్టం లేదు. ఇదంతా ఆయనకి తెలుగులో చెప్పి వినిపించాను కూడా.

"నువ్వు పుట్టకముందు నుంచీ బ్యాటరీలు చూస్తున్నానమ్మాయ్," అన్నారు.

ఆయన మాటా అబద్ధం కాదు. ఆ రోజుల్లో వచ్చిన ఛార్జింగ్ సెల్లుల్ని మాటిమాటికీ సగంలో ఛార్జ్ చేస్తే బలం తగ్గిపోయేదట. ఆ సెల్లులు ఎప్పుడో పోయాయి. ఈయన నియమం మాత్రం పోలేదు. నాకు ఒళ్ళు మండేది. అత్తయ్యగారు వంటింట్లోంచి నవ్వేవారు. "వదిలెయ్యవే. ఇన్నేళ్ళు కాపురం చేసి నేను చెప్తేనే వినని మనిషి, కాగితం చెప్తే వింటారా?"

పోయిన వేసవిలో అత్తయ్యగారికి మోకాలి ఆపరేషన్ అయింది. నొప్పి ఎలాగోలా ఓర్చుకున్నారు గానీ, ఆవిడ బెంగంతా వేరే. "ఇక్కడ బాత్రూంలో కూడా నర్సమ్మ పక్కనే నిలబడుతోందే. సిగ్గుతో ప్రాణం చచ్చిపోతోంది. ఇంటికొచ్చాక నా తలుపు నేనే వేసుకుంటాను. నువ్వైనా సరే, లోపలికి రావడానికి వీల్లేదు," అని నా చెయ్యి పట్టుకుని చెప్పారు. డాక్టరుగారేమో, గోడకి పట్టుకోవడానికి గట్టి స్టీలు కమ్మీ ఉంటే సరే, లేకపోతే పక్కన మనిషి ఉండాల్సిందే అన్నారు.

ఆ కమ్మీ పెట్టించమని ఆవిడ రెండేళ్ళ కిందటే అడిగారు. "మనమేమన్నా ముసలాళ్ళమా?" అని మావగారు కొట్టిపారేశారు. ఇప్పుడు ఆస్పత్రి మంచం పక్కన నిలబడి, "నువ్వొచ్చేసరికి గోడకి ఉంటుంది. నా చేత్తో నేనే బిగిస్తాను," అని మాటిచ్చారు. కార్పెంటర్‌ని పిలుస్తానంటే నా మీద కేకలేశారు. శనివారం డిశ్చార్జి అన్నారు. గురువారం ఏకాదశి. శుక్రవారం పారణతోపాటు బ్యాటరీకి ఫుల్ ఛార్జింగ్, ఆ వెంటనే పని. అదీ ఆయన లెక్క.

గురువారం నేను ఇంటి నుంచే పనిచేస్తున్నాను. పన్నెండున్నరకి ఆస్పత్రి నుంచి మా ఆయన ఫోన్ చేశారు. "అమ్మని ఇవాళే పంపించేస్తున్నారు. అయిదున్నరకల్లా ఇంట్లో ఉంటాం. కమ్మీ పెట్టేశారా?"

నేను మావగారి వైపు చూశాను. మావగారు కొక్కానికి వేలాడుతున్న డ్రిల్లు వైపు చూశారు. పొద్దున్నే దాని కడుపు ఖాళీ అయిపోయింది.

"అయ్యో రామా!" అంటూ బ్యాటరీ పీకి, గబగబా తీసుకెళ్ళి ఛార్జింగ్ పెట్టారు. మా అపార్టుమెంట్ల సొసైటీలో గోడలకి కన్నాలు పెట్టుకోవడానికి వేళలున్నాయి, మధ్యాహ్నమైతే మూడు నుంచి అయిదు. ఎందుకైనా మంచిదని సొసైటీ ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశాను. "ఆజ్ ఛుట్టీ హై మేడమ్, కల్ పక్కా," అన్నాడు. ఇవాళ సెలవట, రేపు ఖాయంగా వస్తాడట. ఎవరి దగ్గరైనా డ్రిల్లుందా అని సొసైటీ గ్రూపులో పెట్టాను. ముగ్గురు దండం బొమ్మలు పెట్టారు. నాలుగో ఆయన, దొరికితే మా ఇంట్లో కూడా రెండు కన్నాలున్నాయి, చూడండి అని రాశాడు. ఏం మనుషులో!

ఆఫీసు మీటింగ్ ముగించుకుని రెండింటికి వెళ్ళి చూద్దును కదా, ఛార్జర్ ఎర్రలైటు టపటపా కొట్టుకుంటోంది. బ్యాటరీ మీద ఒక్క లైటూ లేదు. పెట్టింది బాల్కనీలో, నోయిడా జూన్ ఎండలో. ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. అంత వేడి మీద ఛార్జర్ ఛార్జి ఎక్కించనంటోంది.

"ఎండలో పెట్టారేంటండీ!"

"ఎప్పుడూ అక్కడేగా పెట్టేది?" అన్నారాయన బిక్కమొహం వేసి.

ఎప్పుడూ అట! పస్తులు చాలక దానికి పంచాగ్ని తపస్సు కూడానన్నమాట. బ్యాటరీని హాల్లోకి తెచ్చాను. ఆయన పరుగున వెళ్ళి ఫ్రిజ్ తలుపు తీశారు. "వద్దు, చెమ్మ పడుతుంది!" అని అడ్డం పడ్డాను. ఫ్యాన్ కింద పీట వేసి దాన్ని పెట్టాం. ఫ్యాను చాలదని మావగారు విసనకర్ర తెచ్చి, నేల మీద బాసింపట్టు వేసుకుని విసరడం మొదలెట్టారు. ఒకప్పుడు ఈయన గదిలోకి రావాలంటే గుమాస్తాలు గుమ్మం దగ్గర దగ్గేవారట.

"మీ అత్తయ్యకి కూడా నేనెప్పుడూ ఇంతలా విసరలేదు," అన్నారు. నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు.

రెండున్నరకి అది చల్లబడి, ఛార్జి తీసుకోవడం మొదలెట్టింది. మూడుంబావుకి ఒక లైటు. మూడున్నరకి రెండు.

"ఇక తీసెయ్యండి," అన్నాను.

"సగమేగా అయింది! అర్ధాకలితో ఎవరినైనా పనికి పంపుతామా?"

"మావయ్యగారూ, అత్తయ్యగారికి షుగరుంది కదా. డాక్టరుగారు ఏం చెప్పారు? ఖాళీ కడుపుతో ఉండొద్దు, పీకలదాకా తినొద్దు, కొంచెం కొంచెంగా తినమన్నారు. ఈ బ్యాటరీదీ అదే ఒళ్ళనుకోండి."

ఆయన ఆ రెండు లైట్ల వంక చూశారు. బ్యాటరీ లాగి డ్రిల్లుకి తగిలించారు.

కమ్మీకి నాలుగు కన్నాలు కావాలి. టైలు మీద డ్రిల్లు మొన, అదే బిట్టు, జారకుండా టేపు అంటించి, గుర్తులు పెట్టాం. మొదటి కన్నానికే బిట్టు పక్కకి జారింది. ఆయన చెయ్యి వణుకుతోంది. పొద్దున్నించీ గుక్కెడు తులసి నీళ్ళ మీదున్న మనిషి.

నేను వెళ్ళి అరటిపండూ, గ్లాసుడు పాలూ తెచ్చాను. "ముందు మీకు రెండు లైట్లు వెలగాలి."

"ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదమ్మా."

"తప్పొద్దులెండి. అత్తయ్యగారి పక్కన నేనే నిలబడతాను, బాత్రూంలో."

అంత మాట అనకుండా ఉండాల్సింది. కానీ పనిచేసింది. బాత్రూం గుమ్మంలో నిలబడే అరటిపండు తిన్నారు, పాలు తాగారు, కండువాతో మూతి తుడుచుకున్నారు. "భగవంతుడికి చెప్పుకుంటాలే," అని మళ్ళీ డ్రిల్లు అందుకున్నారు. చెయ్యి కుదురుకుంది.

రెండు కన్నాలు పెట్టేసరికి డ్రిల్లు మూలిగి ఆగిపోయింది. కొత్తలో ఒక్క ఊపున పది పెట్టేది. మావగారు దాన్ని చేతిలో తిప్పి చూశారు. "ఉపవాసాలు చేయించి నేనే దీన్ని చంపానంటావా?"

"చంపలేదు, చిక్కిపోయేలా చేశారు," అన్నాను. ఈసారి ఆయనకి కోపం రాలేదు.

మళ్ళీ పీట, మళ్ళీ విసనకర్ర, మళ్ళీ ఛార్జర్. ఒక్క లైటు వెలగగానే ఈసారి ఆయనే లాగేశారు. మూడో కన్నం పడింది. నాలుగోది సగంలో ఉండగా ఇంటర్‌కామ్ మోగింది. గేటు దగ్గర గార్డు. "మేడమ్, పాంచ్ బజ్ గయే. నీచేవాలీ ఆంటీకా కంప్లెయింట్ హై." అయిదైపోయింది, కింది ఫ్లాటు ఆంటీ ఫిర్యాదు చేసిందట.

"భయ్యా, ఆధా ఛేద్ హో గయా, ఆధా బాకీ హై. ఆంటీసే పూఛో, ఆధే ఛేద్‌కా క్యా కరూఁ?" అన్నాను, మిగిలిన సగం కన్నాన్ని ఏం చేసుకోవాలో ఆవిడనే అడగమని. ఆంటీని అడిగొచ్చే ఓపిక అతనికి లేదనుకుంటా, "ఠీక్ హై, జల్దీ," అని తొందరచేసి పెట్టేశాడు. ఇటు ఫోను పెట్టేశానో లేదో అటు కన్నం పూర్తయింది. బ్యాటరీ మీద ఆఖరి లైటూ ఆరిపోయింది.

స్క్రూలు మావగారు చేత్తోనే బిగించారు. తర్వాత కమ్మీ పట్టుకుని, కాళ్ళు ముడుచుకుని, మొత్తం బరువేసి వేలాడి చూశారు. డెబ్భై రెండేళ్ళ మనిషి! వద్దన్నా వినలేదు. "అది పడితే ముందు నేనే పడాలి," అన్నారు. కమ్మీ కదల్లేదు.

పావుతక్కువ ఆరుకి వచ్చారు. అత్తయ్యగారు వాకర్ పట్టుకుని లిఫ్టు దిగి, సోఫా వంక కూడా చూడకుండా నేరుగా బాత్రూంకే నడిచారు. వెనకాలే వెళ్ళబోయిన మావగారిని, "మీరెక్కడికి?" అని ఆపేసి, తలుపు వేసుకున్నారు.

మా ఆయనా నేనూ వెనకాల నిలబడ్డాం. మావగారు తలుపుకి అరచెయ్యి ఆనించి నిలబడ్డారు.

"ఏమండీ," అని లోపలినుంచి వినబడింది.

"ఆఁ! ఏమైంది? పట్టుకున్నావా?"

"పట్టుకున్నా. వంకరగా బిగించారు."

"చెయ్యి జారిందే. రేపే తీసి సరిచేస్తాను."

"దాన్ని ముట్టుకోకండి. నా చేతికి సరిగ్గా అందుతోంది." కాస్త ఆగి, "ఇక మీరక్కడ కాపలా ఉండక్కర్లేదు. వెళ్ళండి," అన్నారు.

మావగారు తలుపు మీంచి చెయ్యి తీశారు. కండువాతో కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగారు.

"అమ్మాయ్, ఇంకో అరటిపండు ఉందా?"