బడి వరండాలో మా అమ్మ

మొన్న వనపర్తిలో మా అమ్మాయి బడిలో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. వేదిక మీది పెద్దమనిషి మైకు సవరించుకుని, అమ్మానాన్నలు దగ్గర లేని ఇళ్లలోనే పిల్లలు చెడిపోతారని, కావాలంటే వలసకూలీల ఇళ్లు చూడమని అన్నాడు. అందరూ తలలూపారు. నేను ఊపలేదు. నేను పెరిగింది అట్లాంటి ఇంట్లోనే.

మా అమ్మానాన్న ఏటా దసరా కాగానే పూణెకు కట్టడాల పనికి పోయేవాళ్లు. నేనూ అన్నా కొత్తకోటలో అవ్వ దగ్గర ఉండేవాళ్లం. అవ్వకు చెవులు సరిగా వినబడవు గానీ, అన్నం వేళకు మేం రాకపోతే వాడంతా వినబడేట్టు పిలిచేది. అన్న తొమ్మిదో తరగతిలో ఉండగా, వెనక వీధి దోస్తుతో కలిసి హైవే పక్క ధాబా ముందు తాళంచెవితో సహా నిలబెట్టిన మోటారు సైకిల్ తీసుకుపోయాడు. ఖిల్లా ఘణపూర్ కోట చూసి, పెట్రోలు అయిపోతే ఎండలో నెట్టుకుంటూ వెనక్కి తెస్తుంటే ఇద్దరూ దొరికారు. దొంగిలించిన బండిని అంత కష్టపడి వెనక్కి తెచ్చినవాళ్లు ఇంకెవరూ ఉండరు.

దోస్తు వాళ్ల నాన్నది ఉద్యోగం, అమ్మ ఇంటిపట్టునే ఉండేది. అయినా ఊరు, "మంచి ఇంటి పిల్లగాడు, వీని సావాసంతోటి చెడిండు" అంది. ఆ పిల్లవాణ్ణి బడిలో ఉంచుకుని అన్న పేరు కొట్టేశారు.

కబురందగానే అమ్మ బస్సెక్కి వచ్చింది. అన్నను కొట్టలేదు. ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఎందుకు తీసినవ్‌రా?" అని అడిగింది.

"నడపాలనిపించింది."

"అడిగి నడుపుతరు. గిట్ల కాదు" అని, చెయ్యి పట్టుకుని బండి యజమాని అయిన మెకానిక్ దగ్గరికి తీసుకుపోయింది. "అన్నా, నా కొడుకు తప్పు చేసిండు. వాడే చెప్తడు, జర విను" అని పక్కకు జరిగి నిలబడింది. అన్న జరిగిందంతా తనే చెప్పాడు. మెకానిక్ ఓపిగ్గా విని, ఇంకోసారి చేయొద్దని పంపేశాడు.

అక్కడినుంచి నేరుగా బడికి. పెద్దసారు, "మీరు ఇంట్లో ఉండరు. పిల్లవాడు ఇట్లా కాక ఎట్లా అవుతాడు?" అన్నారు.

"నేను లేకపోవుడు నిజమే సారూ. దానికి నన్ను తిట్టుండ్రి. ఇద్దరు చేసిన తప్పుకు ఒక్కని బడి ఎందుకు గుంజుకుంటరు? ఆ పిల్లగాన్ని తీసెయ్యమంటలేను. నా కొడుకును గూడ కూసోబెట్టుండ్రి."

సారు కుదరదన్నారు. అమ్మ వచ్చి వరండాలో కూర్చుంది. పిల్లల అన్నాలయ్యాయి, ఆటల గంట కొట్టారు, అమ్మ లేవలేదు. అటెండరు వచ్చి ఇంటికి పొమ్మంటే, "నేను ఇంట్ల ఉండనని సారే చెప్పిండు గద" అంది. మర్నాడూ అక్కడే కూర్చుంది. చివరికి సారే అన్నను పిలిచి తరగతిలో కూర్చోమన్నారు.

ఆ ఏడు అమ్మ మళ్లీ పూణెకు పోలేదు. నాన్న ఒక్కడి కూలితో ఇల్లు నడవడం కష్టమైంది. పిల్లల దగ్గర ఉండటానికి కూడా ఆధారం కావాలని మైకు పట్టుకున్నవాళ్లకు ఎవరు చెప్పాలి?

అన్న పది గట్టెక్కాడు, ఇప్పుడు లారీ నడుపుతున్నాడు. తప్పు చేయడానికి వాడికి ఒక్క పూట చాలింది. ఊరు ఆ మాట మరిచేసరికి వాడి గడ్డం నెరిసింది. అన్నేళ్లూ మా అమ్మ మాత్రం ఆ వీధిలో తలెత్తుకునే నడిచింది.