పన్నెండో సేల్స్‌మన్

నేను కడప యూనివర్సిటీలో చదివింది బిజినెస్ మేనేజ్‌మెంట్, దానికి జతగా సైకాలజీ. మనుషులతో పని ఎలా చేయించాలో పొద్దున నేర్పేవారు. వాళ్లు ఆ పని ఎందుకు చేయరో మధ్యాహ్నం చెప్పేవారు. కర్నూలు పక్కన కల్లూరులో ఉండే మా ఇంటివాళ్లకు మొదటి సగం అర్థమైంది, రెండో సగమే మింగుడుపడలేదు. సెలవులకు వెళ్తే మా మేనత్త ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేది.

"ఇప్పుడు నా మనసులో ఏముండాదో చెప్పు చూద్దాం."

"నాకు తెలీదత్తా."

"మరి మూడేండ్ల నుంచి ఏం చదువుతాండావు?"

మా నాయన మాత్రం షేర్ ఆటోలో పక్కన కూర్చున్నవాళ్లకు కూడా నేను క్లాసులో ఫస్టని చెప్పేవాడు. అది అబద్ధం కాదు. మార్కులు నావే. మార్కులు పోగా మిగిలిందంతా వాడిది.

వాడంటే క్లాసులో నా పక్కన కూర్చునేవాడు. కడప బజారులో మూడు తరాలుగా చీరల షాపు నడుపుతున్న వర్తకుల ఇంటి పిల్లవాడు. నా దగ్గర నోట్సు ఉండేవి, వాడి దగ్గర ఉదాహరణలు ఉండేవి. ఒకరోజు సైకాలజీ మేడమ్, ఎంచుకోవడానికి వస్తువులు మరీ ఎక్కువైతే మనిషి ఏదీ తేల్చుకోలేడనే విషయం చెబుతున్నారు. ముందురోజే ఆ పాఠం చదివి వచ్చినవాణ్ని కాబట్టి చెయ్యెత్తి, నిర్వచనం మొత్తం అప్పజెప్పాను. "గుడ్" అన్నారు. వాడు చెయ్యి కూడా ఎత్తలేదు.

"మా షాపులో ఆరు చీరలు పరిచినాంక ఏడోది తీస్తే మా నాయన దగ్గుతాడు మేడమ్."

క్లాసంతా నవ్వింది. మేడమ్ బోర్డు మీద 'దగ్గు' అని రాసి దాని చుట్టూ గుండ్రంగా గీత గీశారు. సెమిస్టర్ పరీక్షలో ఆ ప్రశ్నే వచ్చింది. నేను దగ్గు గురించి ఒకటిన్నర పేజీ రాశాను. వాడు ఆరు వాక్యాలు రాశాడట. ఫస్టు నేనే వచ్చాను. పక్కవాడి తండ్రి దగ్గుతో ఫస్టు రావడం ఎలా ఉంటుందో ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

అసూయపడేవాడికి ఎదుటివాడు కాస్త చెడ్డవాడైతే సౌకర్యంగా ఉంటుంది. వాడు ఆ మాత్రం సాయం కూడా చేయలేదు. నేను హాస్టల్ కూడు తినలేకపోతున్నానని వాళ్లమ్మతో చెప్పి, నాకు వేరుగా ఒక డబ్బా తెచ్చేవాడు. అందులోని కారం దోశెలు నేను చాలా అయిష్టంగా, ఒక్కటి కూడా మిగల్చకుండా తినేవాణ్ని.

ఆఖరి సెమిస్టరులో అందరం ప్రాజెక్టు చేయాలి. అన్నింటిలోకి బాగున్న ప్రాజెక్టు చేసినవారిని బెంగళూరులో ఒక కంపెనీకి ఆరునెలల శిక్షణకు పంపుతామని మేడమ్ ప్రకటించారు. ఒక్కటే సీటు. నేను ఆ సాయంత్రమే ఇంటికి ఫోన్ చేసి, వచ్చే అవకాశం ఉందని చెప్పాను. మా నాయన మరుసటి రోజు కల్లూరంతా తిరిగి, వచ్చిందని చెప్పాడు. ఆ తర్వాత సీటు తెచ్చుకోవడం తప్ప నాకు వేరే దారి మిగల్లేదు.

నేను తీసుకున్న అంశం, పనిచేసే చోట తోటివాళ్ల మీద అసూయ. "మంచి అంశం. నీకెలా తట్టింది?" అని మేడమ్ అడిగారు. పుస్తకాలు చదువుతుంటే తట్టిందన్నాను. ఇరవై వాక్యాలతో ఒక ప్రశ్నాపత్రం తయారుచేశాను. ఒక్కో వాక్యానికి ఎదురుగా ఐదు గడులు, అసలు ఒప్పుకోను అన్న గడి నుంచి పూర్తిగా ఒప్పుకుంటాను అన్న గడి దాకా. మొత్తం వందకు. ఎంత ఎక్కువ వస్తే అంత అసూయ. ప్రశ్నలు సరిగా ఉన్నాయో లేదో చూడాలంటే ముందు ఎవరో ఒకరి మీద ప్రయోగించాలి కదా. దగ్గర్లో ఎవరూ లేక నేనే నింపాను. తొంభై ఒకటి వచ్చింది. ప్రశ్నలు బాగానే రాశానని అర్థమైంది.

నింపడానికి మనుషులు కావాలి. రెండు షాపింగ్ మాల్స్ వాళ్లు నన్ను గేటు దగ్గరే ఆపేశారు. చివరికి వాడే, "మా షాపుకు రా. నేనూ నా ప్రాజెక్టు ఆడనే చేస్తాండా" అన్నాడు. వాడి అంశం బోణీ. పొద్దున మొదటి బేరం గురించి ఒక యూనివర్సిటీలో ప్రాజెక్టు చేయొచ్చని నాకు తట్టనే లేదు. అందుకు కూడా కుళ్లుకున్నాను.

ఆ షాపులో పరుపుల మీద కూర్చుని చీరలు చూపించే సేల్స్‌మన్లు పదకొండుమంది. అందరిలోకి పెద్దాయనకు అరవై దాటాయి, మోకాలు నొప్పి. ఆయన 'చెయ్యి మంచిది' అని పేరు. అందుకని ఎన్నేళ్లుగానో పొద్దున వచ్చే మొదటి గిరాకీ ఎవరైనా సరే ఆయన ముందే కూర్చోవాలి. బోణీకి వచ్చినవాళ్లు ఉత్త చేతులతో వెళ్లిపోతే ఆ రోజంతా షాపుకు బాగుండదని నమ్మకం. ఆయన మొదటి చీర అమ్మాకే మిగతా పదిమందీ నోరు తెరుస్తారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక్కడికే అంత మర్యాద, పదిమంది చూస్తూ కూర్చోవడం. ఇంతకంటే అసూయ పండే పొలం రాయలసీమలో ఇంకెక్కడుంటుంది? ఆత్రంగా పత్రాలు పంచాను. సాయంత్రానికి లెక్క కడితే అందరికీ ఇరవైకీ ముప్పైకీ మధ్యే వచ్చాయి. ఇరవై కంటే తక్కువ రావడానికి ఆ పత్రంలో వీలులేదు కాబట్టి ఆగారనిపించింది.

పెద్దాయన దగ్గర కూర్చుని అడిగాను. "పక్కాయన మీకంటే ఎక్కువ చీరలు అమ్మితే మీకేమీ అనిపించదా?"

"ఏమనిపిస్తాదప్పా? వాడు అమ్మినా నేను అమ్మినా పరిచిన చీరలన్నీ సాయంత్రం అందరం కూచోని మడత పెట్టల్ల. వాడు ఎక్కువ అమ్మితే మడత పెట్టేటివి తగ్గుతాయి." ఆయన పత్రాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. "ఈ నడిమి గడి దేనికి?"

"చెప్పలేను అనుకునేవాళ్లకు."

"చెప్పలేనోనికి గూడా ఒక గడి ఇచ్చినావా. మంచి పని చేసినావు."

ఇంకో చిక్కు కూడా ఉంది. కనీసం పన్నెండుమంది ఉండాలని మేడమ్ షరతు. షాపులో ఉన్నది పదకొండే. నా బ్యాగులో అప్పటికే నింపిన పత్రం ఒకటి ఉంది. దాన్ని పట్టికలో ఒకటో నంబరుగా చేర్చి, ఎదురుగా 'సేల్స్‌మన్' అని రాశాను. చేతికి అంత బరువేమీ అనిపించలేదు.

అసూయ లేని చోట అసూయ మీద ప్రాజెక్టు నిలబడదు. అందుకని మరుసటి రోజు వాడి నాయన దగ్గరికి వెళ్లి, మొదటి బేరం రోజూ ఒక్కరికే ఇవ్వడం మంచి నిర్వహణ కాదనీ, వంతులవారీగా ఇస్తే అందరికీ ఉత్సాహంగా ఉంటుందనీ మేనేజ్‌మెంట్ పాఠం ఒకటి చెప్పాను. వాడు పక్కనుంచి నా చొక్కా లాగుతున్నా ఆపలేదు. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"చదువుకున్న పిల్లోనివి, చెప్తాండావు. అట్లే కానీ. రేపు బోణీ నువ్వే చెయ్యి."

వాడి ముఖం చూశాను. భయపడుతున్నాడు. నేను దాన్ని అసూయ అనుకుని చాలా సంతోషించాను.

మర్నాడు పొద్దున ఒంటిమిట్ట వైపు నుంచి ఒక అత్తాకోడళ్లు వచ్చారు. గృహప్రవేశంలో పెట్టడానికి ఒక చీర కావాలన్నారు. పరుపు మీద నేను, వెనక వరసగా పదకొండుమంది, కౌంటర్లో వాడి నాయన. గిరాకీని ముందు అర్థం చేసుకోవాలని పాఠం.

"చీర ఎవరికమ్మా?" అన్నాను.

"మా ఆడబిడ్డకు," అంది కోడలు.

"మీకూ ఆమెకూ మధ్య సంబంధం ఎలా ఉంటుంది? ఒకటి నుంచి ఐదు దాకా ఒక అంకె చెప్పండి."

కోడలు అత్త వైపు చూసింది. ఆడబిడ్డ అంటే ఆ అత్త కన్నకూతురే అన్న సంగతి, రెండు డిగ్రీలంత బరువైన చదువు చదువుతున్న నాకు అప్పుడు గుర్తొచ్చింది. అత్త కూడా కోడలు వైపు తిరిగింది. అంకె కోసం ఆమె కూడా ఎదురుచూస్తున్నట్టుంది.

"ఇంకో నాలుగు షాపులు చూసుకోని వస్తాంలే," అని కోడలు లేచింది. అత్త ఆమె వెంట నడిచింది. వాడి నాయన దగ్గలేదు. దగ్గి ఉంటే బాగుండేది. వెనక ఎవరో చీర మడతను చేత్తో సాపు చేసిన చప్పుడు వినిపించింది.

వాడు పరుగెత్తలేదు. మామూలుగా నడిచి, చెప్పులు వేసుకుంటున్న పెద్దామె దగ్గర వంగాడు.

"జేజీ, ఆ పిల్లోడు ఈ పొద్దే చేరినాడు. మీరు ఉత్తగా పోతే వాని చెయ్యి మంచిది కాదని పేరు పడిపోతాది. యాడికి పోయినా ఎవురూ బోణీకి పిలవరు."

ఆమె తొడిగిన చెప్పు విడిచింది. "కొత్తోడా? ముందే చెప్పల్ల గదా అబ్బీ." లోపలికొచ్చి, కోడలిని కూడా కూర్చోబెట్టి, నా ముందు నుంచి ఒక జాకెట్ గుడ్డ తీసుకుంది. చీర మాత్రం పెద్దాయన దగ్గరికి జరిగి కొంది. ఆమె ఇచ్చిన నోటును నా చేత్తోనే తీసుకెళ్లి కౌంటర్లో ఇమ్మన్నాడు వాడు. వాడి నాయన దాన్ని కళ్లకద్దుకున్నాడు.

"చెయ్యి మంచిదే," అన్నాడు పెద్దాయన నాతో. "నోటి సంగతే కొంచెం చూసుకోవల్ల."

ఆ రోజు ఎవరూ నన్ను ఇంకో మాట అనలేదు. సాయంత్రం మడతలకు నన్నూ కూర్చోబెట్టారు. నేను చదివి నేర్చుకున్నదంతా వాడికి చెప్పుల దగ్గర వంగినంతసేపట్లో వచ్చేసింది. ఆ మాట ఎంత తేలిగ్గా అన్నాడో తలుచుకుంటూ నేను మడత పెట్టిన చీరలన్నీ వంకరగా వచ్చాయి. వాడు వాటిని మళ్లీ మడత పెట్టాడు.

వైవా రోజు, ఒకే షాపు కాబట్టి మా ఇద్దరినీ కలిపి పిలిచారు. వేరే ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు నా పట్టిక దగ్గర ఆగాడు. పక్కన మేడమ్.

"పదకొండుమందికి ముప్పై దాటలేదు. ఈ ఒకటో నంబరుకు తొంభై ఒకటి. ఎవరితను?"

"ఒక సేల్స్‌మన్ సార్. కొత్తగా చేరాడు."

"ఎవరి మీద ఇంత?"

"పక్కన పనిచేసే అతని మీద సార్."

"పాపం," అని వాడి రిపోర్టు తీసి పక్కన పెట్టుకున్నాడు. "కానీ ఇందులో షాపులో సేల్స్‌మన్లు పదకొండుమందే అని ఉంది. నీకు పన్నెండోవాడు ఎక్కణ్నుంచి వచ్చాడు?"

మేడమ్ కళ్లద్దాలు తీశారు. లేని మనిషిని పట్టికలో పెట్టినట్టు తేలితే ప్రాజెక్టు పోతుంది. బెంగళూరు సంగతి తర్వాత, డిగ్రీయే ఆగుతుంది. కల్లూరు షేర్ ఆటోలన్నీ ఒకదాని వెనక ఒకటి కళ్ల ముందు తిరిగాయి. చెప్పడానికి నాకు నిర్వచనం ఒక్కటీ గుర్తురాలేదు.

"ఉన్నాడు సార్," అన్నాడు వాడు. "ఒక్కరోజే పని చేసినాడు, అందుకని నేను లెక్కలో పెట్టుకోలే. నా రిపోర్టు చివరి అధ్యాయంలో ఉండేది ఆ మనిషే. బోణీ గూడా చేసినాడు."

పరీక్షకుడు ఆ అధ్యాయం తీసి చదివాడు. 'ఒకటి నుంచి ఐదు దాకా' దగ్గరికొచ్చేసరికి కాగితం కింద పెట్టి, కళ్లు తుడుచుకునేదాకా నవ్వాడు. మేడమ్ నవ్వలేదు. నన్నే చూస్తున్నారు. "ఇతను మనిషి ఎలాంటివాడు?" అని వాణ్ని అడిగారు.

"మంచోడే మేడమ్. నాతో పనిచేసేది వానికి శానా కష్టంగా ఉండాది, అంతే."

వాడికి తెలుసు. ఎప్పట్నుంచో తెలుసు. నాకు డబ్బా తెచ్చిన రోజుల్లో కూడా తెలుసు.

సీటు వాడికొచ్చింది. చివరి అధ్యాయమే గెలిపించిందని మేడమ్ అందరి ముందూ చెప్పారు. నా తప్పు కూడా నా దగ్గర పనికిరాకుండా పోయి, వాడి దగ్గర ఫస్టు వచ్చింది. ఇంటికి ఫోన్ చేసి రాలేదని చెప్పాను. "ఎవురికొచ్చింది?" అన్నాడు మా నాయన.

"నాకు డబ్బా తెచ్చే వానికి."

"పోనీలే, తెలిసినోనికే కదా," అన్నాడు. ఆ సంగతి ఆటోల్లో ఎలా చెప్పాడో నేను అడగలేదు.

వాడు బెంగళూరు బస్సెక్కిన రోజు హాస్టల్ గది ఖాళీ చేస్తుంటే, మిగిలిపోయిన ప్రశ్నాపత్రం ఒకటి కనిపించింది. మంచం మీద కూర్చుని మళ్లీ నింపాను. పంతొమ్మిది వాక్యాలకు నా జవాబులు అవే. పదిహేడోది, 'తోటివాడికి మంచి జరిగితే నాకు బాధగా ఉంటుంది' అన్నది. పోయినసారి ఆఖరి గడిలో, కాగితం చిరిగేంత గట్టిగా టిక్కు పెట్టాను. ఈసారి పెన్ను అక్కడే చాలాసేపు ఆగింది. బస్టాండులో వాడు కిటికీలోంచి, "ఆదివారాలు షాపుకు పోరా, మడతలకు మనిషి తక్కువ" అన్న మాట గుర్తొచ్చింది.

నడిమి గడిలో టిక్కు పెట్టాను. మొత్తం కూడితే ఎనభై తొమ్మిది.