బంతిపూల విమానం

కోవిడ్ తరువాత కాలేజీలు పూర్తిగా తెరుచుకున్న ఏడాది జూన్‌లో నాకు ఏరోమోడలింగ్ విభాగం బాధ్యత అప్పగించారు. అప్పుడు నేను అమలాపురం దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలో మెకానికల్ ప్రొఫెసరుని. ఆర్డరులో నా హోదా ‘ఇన్‌చార్జి మరియు ముఖ్య శిక్షకుడు’ అని ఉంది. ఇన్‌చార్జి పని నాకు బాగానే వచ్చు. అప్పటికే హాస్టలు మెస్సుకూ, క్రమశిక్షణ కమిటీకీ, లిఫ్టుకూ ఇన్‌చార్జిని. రెండో మాటతోనే ఇబ్బంది. రేడియో కంట్రోలు విమానాన్ని నేను అంతవరకూ ఒక్కసారీ ఎగరేయలేదు. ఆ సంగతి ఆర్డరు ఇచ్చినవాళ్లు అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఈ విద్య తెలియనివారికి కొంచెం చెప్పాలి. పైలట్ నేలమీద నిలబడి, మెడలో వేలాడే ట్రాన్స్‌మిటరుతో విమానాన్ని నడుపుతాడు. దానిమీద రెండు స్టిక్కులు ఉంటాయి. కుడి స్టిక్కు వెనక్కి లాగితే విమానం ముక్కు పైకి లేస్తుంది, ముందుకు నెడితే కిందికి వంగుతుంది. గాలిలో నిలువుగా చక్రం తిప్పడం లూపు. ముక్కునుంచి తోకదాకా ఒక ఇరుసు ఉందనుకుని, దానిమీద పక్కకు పొర్లించడం రోల్. విమానం తలకిందులైనప్పుడు లెక్క మారిపోతుంది. అప్పుడు స్టిక్కు వెనక్కి లాగితే విమానం నేలకేసి వస్తుంది. పైకి పోవాలంటే ముందుకు నెట్టాలి. ఇది చెప్పడానికి అర నిమిషం చాలు. వేళ్లకు ఎక్కడానికి నెలలు పడతాయి. అందుకే మొదట కంప్యూటరు సిమ్యులేటరు మీద నేర్పి, తరువాత మైదానంలో ఒక్కో విన్యాసాన్ని విడిగా సాధన చేయిస్తారు.

మా మైదానానికి మూడు వైపులా కొబ్బరిచెట్లు, నాలుగోవైపు మురుగుకాలవ. అందుచేత ఎత్తును చెట్లతోనే కొలిచేవాళ్లం. కొత్తవాళ్లు మూడు చెట్ల ఎత్తుకు తక్కువలో రోల్ చేయకూడదని నియమం. తప్పు జరిగితే దిద్దుకోవడానికి పైన చోటుండాలి కదా. ఆ నియమాలన్నీ నేనే రాశాను. స్లైడ్లు వేసి పాఠాలూ చెప్పాను. నా స్లైడ్లలో లూపులన్నీ వృత్తలేఖినితో గీసినంత గుండ్రంగా ఉండేవి. సాయంత్రాలు గది తలుపు వేసుకుని సిమ్యులేటరు ముందు కూర్చునేవాణ్ణి. తెరమీద విమానం తలకిందులు కాగానే నా వేలు స్టిక్కును వెనక్కి లాగేది. విమానం కూలేది. తలుపు వేసి ఉంది కనుక నా ప్రతిష్ఠ మాత్రం కూలలేదు.

మైదానంలో నిజంగా ఎగరేసేది మెర్సీ. రాజోలు దగ్గర పల్లెనుంచి బస్సులో వచ్చే ఆఖరి సంవత్సరం విద్యార్థిని. వాళ్లమ్మ ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు. మైదానం పొడుగునా ఒకే ఒక్క రోల్‌ని నెమ్మదిగా పూర్తి చేసే స్లో రోల్ కోసం ఆ అమ్మాయి సగం సెమిస్టరు ఖర్చు పెట్టింది. సముద్రంవైపునుంచి సాయంకాలం గాలి అడ్డంగా కొడుతుంటే, విమానం గీత తప్పకుండా రడ్డరుతో, అంటే తోకకుండే చుక్కానితో, పట్టి ఉంచేది. లూపు ఎక్కేటప్పుడు ఇంజను శక్తి పెంచి, శిఖరం మీద తగ్గించి, చక్రాన్ని గుండ్రంగా ఉంచేది. ఇదంతా నా స్లైడ్లలోనూ ఉంది.

విశాఖపట్నంలో అంతర్ కళాశాలల పోటీ దగ్గరకొచ్చింది. పొలాల్లో మందు చల్లే డ్రోన్ల కంపెనీ ఒకటి అక్కడికి వచ్చి, బాగా ఎగరేసినవాళ్లకు ఉద్యోగాలు ఇస్తుందని తెలిసింది. మెర్సీ ఆశ అంతా దానిమీదే. మా దగ్గర విన్యాసాలకు పనికొచ్చే విమానం ఒక్కటే ఉంది.

సరిగ్గా పోటీకి ముందు వారంలో కాలేజీ వార్షికోత్సవం పడింది. మా చైర్మన్ గారు కొబ్బరి వ్యాపారంలో పైకొచ్చిన మనిషి. ఆయన నన్ను పిలిచి, ముఖ్య అతిథిగా వస్తున్న మాజీ ప్రజాప్రతినిధి మీద విమానంనుంచి పూలు కురిపించాలన్నారు. నేను నోరు తెరిచేలోగానే ఫోనులో అతిథికి మాట ఇచ్చేశారు. “ఆయ్, మా మాస్టారే స్వయంగా ఎగరేస్తారండీ. లూపులు, పల్టీలు, ఒకటేమిటి!” ఫోను పెట్టేశాక నావైపు చూశారు. నేను తలూపాను.

దీనికి నేను కనిపెట్టిన ఉపాయం సాంకేతికంగా నిర్దోషమైనది. శిక్షణలో రెండు ట్రాన్స్‌మిటర్లను జత చేస్తారు. అసలుది గురువు దగ్గర, రెండోది శిష్యుడి దగ్గర ఉంటుంది. గురువు ఒక స్విచ్చిని నొక్కిపట్టినంతసేపే శిష్యుడి స్టిక్కులు పనిచేస్తాయి. వదిలేస్తే పెత్తనం మళ్లీ గురువుకే. నేను వేదిక ముందు శిష్యుడి ట్రాన్స్‌మిటరుతో నిలబడతాను. నా వెనక, నిలువెత్తు ఫ్లెక్సీ చాటున, అసలుదానితో మెర్సీ నిలబడుతుంది. ఒక్క పూలు చల్లే చుట్టు మాత్రం నాకు ఇమ్మన్నాను.

“ఇస్తానండి సార్. నేను సాపుగా పెట్టి ఇస్తాను. మీరు స్టిక్కులు ముట్టుకోకుండా పూల స్విచ్చి ఒక్కటే నొక్కండి” అంది.

పూలు, పూలతోటలకు పేరుపడ్డ కడియం ఊరినుంచి వచ్చాయి. వాడిపోకుండా పూలకొట్టువాడు తడిపి పంపాడు. విమానం పొట్ట కింద వెనకగా కట్టిన పెట్టెలో బంతిరేకులు కూరాం. బరువు సరిగా కుదిరితే, గుర్తు పెట్టినచోట రెక్కల కింద వేళ్లుంచి ఎత్తినప్పుడు ముక్కు కొంచెం వంగాలి. తోక వంగింది.

“తోక దిగిపోతుందండి సార్. పైన నిలకడుండదు. సగం పువ్వులు తీసేద్దామండి.”

“చీఫ్ గెస్టు గారి మీద సగం పువ్వులేనా అమ్మా?”

మెర్సీ బ్యాటరీని ముక్కువైపు జరిపి, ఉన్నంతలో సర్దింది.

విమానం లేచింది. రెండు లూపులు పడ్డాయి. అతిథి పొంగిపోయి వేదిక దిగి వచ్చి, ఎగరేస్తుండగానే నాకు శాలువా కప్పారు. మర్యాద కోసం నేను స్టిక్కులు వదిలేసి రెండు చేతులూ జోడించాను. నేను నమస్కారంలో ఉండగా మైదానం మీద విమానం చక్కటి స్లో రోల్ పూర్తి చేసింది. జనం చప్పట్లు కొట్టారు. అంత చప్పట్లలో, ఆ రోల్ నేనే చేశానని నాకూ కాసేపు అనిపించింది.

“ఇస్తున్నానండి” అంది వెనకనుంచి మెర్సీ. విమానం నా చేతికొచ్చింది. వేదిక మీదుగా తిన్నగా పోతోంది. పూల స్విచ్చి నొక్కాను. పెట్టె మూత తెరుచుకుంది. ఒక్క రేకూ రాలలేదు. తడిసిన బంతిపూలు ముద్దకట్టి పెట్టెకు అంటుకుపోయాయి. అతిథి పూలకోసం మొహం పైకెత్తి కళ్లు మూసుకున్నారు. ఆయన పక్కనే ఆరుబయట నిలబడి చైర్మన్ గారు నాకేసి చూస్తున్నారు. బస్తా దులిపినట్టు ఒక పల్టీ కొట్టిస్తే రాలతాయని నాకు తోచింది. ఎత్తు రెండు చెట్లయినా లేదు. కొట్టించాను.

పల్టీ సగంలోనే ఆగి విమానం తలకిందులుగా ఉండిపోయింది. తోక బరువుకు నిలకడ తప్పి ఊగి, ముక్కు వాలింది. నా వేలు స్టిక్కును వెనక్కి లాగింది. విమానం జనం కూర్చున్న షామియానాకేసి వచ్చింది.

మెర్సీ స్విచ్చి వదిలి పెత్తనం లాక్కుంది. స్టిక్కు ముందుకు నెట్టి, సగం రోల్‌తో దాన్ని నిటారు చేసి, షామియానా అంచుమీదుగా పైకి ఎత్తేసింది. ఆ కుదుపుకు పూలముద్ద ఊడి, తిన్నగా చైర్మన్ గారి నెత్తిన పడింది. అతిథి పగలబడి నవ్వారు. విమానం క్షేమంగా దిగింది.

“ఎవరండీ ఇది చేసింది?” అని అడిగారు చైర్మన్ గారు. చెవిమీద బంతిరేకు ఒకటి ఉంది.

అప్పటికి పావుగంటగా పైలట్‌గా సన్మానం పొందుతున్న నేను తడుముకోకుండా జవాబు చెప్పాను. “అసలు కంట్రోలు మెర్సీ దగ్గరుందండీ.”

అందులో అబద్ధం లేదు. ఆ రోజు నేనన్న ఒకే ఒక్క నిజం అది. “అయితే ఆ అమ్మాయి విశాఖపట్నం వెళ్లక్కర్లేదు” అన్నారాయన. మెర్సీ నాకేసి చూసింది. తరువాత విమానం రెక్కలు ఊడదీసి పెట్టెలో సర్దుకుంది. నేను శాలువా మడతపెట్టుకున్నాను.

మర్నాడు ఉదయం చైర్మన్ గారి కొబ్బరి గోదాముకు వెళ్లి, తప్పు చేసిన వేలు నాదేననీ, విమానాన్నీ జనాన్నీ కాపాడింది ఆ అమ్మాయనీ చెప్పాను. ఆయన కాయల గుట్ట పక్కన కుర్చీ వేయించి కూర్చోబెట్టారు.

“నాకు నిన్ననే తెలుసండి. మీరు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టేరు, విమానం తనపాటికి తాను పొర్లింది. నేను కొబ్బరికాయలు అమ్ముకునేవాణ్ణే గానీ గుడ్డివాణ్ణి కాదండి.”

“మరి ఆ అమ్మాయినెందుకు ఆపేరండీ?”

“నెత్తిన పువ్వులు పడ్డాక ఎవర్నో ఒకర్ని తిట్టాలి కదండీ మాస్టారూ. మీరా అమ్మాయి పేరు అందించేరు, తిట్టేను. మీ పేరే చెప్పుంటే మిమ్మల్నే తిట్టేవాణ్ణి. వెళ్లనివ్వండి. కానీ ఈ సంగతి బయటికి పొక్కనివ్వకండి. శాలువాతో మీ ఫొటో అడ్మిషన్ల బ్రోచరుకి ఇచ్చేసేం.”

దానికీ ఒప్పుకున్నాను. ‘మా నిపుణ పైలట్ ప్రొఫెసర్’ అన్న శీర్షికతో ఆ బ్రోచరు కొత్తపేటదాకా పంచారు.

మెర్సీకి క్షమాపణ చెప్పాను. వినేసి, “తలకిందులప్పుడు వెనక్కి లాగేసేరండి. ముందది మానుకోండి సార్” అంది. తరువాత, పోటీలో తనకు కాలర్‌గా రమ్మంది. పైలట్ వెనక నిలబడి, తరువాత చేయాల్సిన విన్యాసం పేరు పైకి చదివేవాణ్ణి కాలర్ అంటారు. పేర్లు తప్ప ఇంకో మాట మాట్లాడొద్దని షరతు పెట్టింది.

విశాఖపట్నంలో గాలి ఎక్కువగా ఉంది. స్లో రోల్ మధ్యలో విమానం జారబోతే ‘నెట్టు’ అని నా నోటిదాకా వచ్చింది. నోరు మూసుకున్నాను. తను అప్పటికే నెట్టేసింది. మూడో స్థానం వచ్చింది. డ్రోన్ల కంపెనీవాళ్లు మెర్సీని ఉద్యోగంలోకి తీసుకున్నారు. వెళ్లేలోపు నాకు పాఠాలు చెప్పింది. ఒక్క తలకిందుల ప్రయాణమే, మూడు చెట్ల పైన, రోజూ. “అది ఎగరేయడమాండీ సార్, కొబ్బరి దింపాండీ?” అని మిగతా పిల్లల ముందే అడిగేది. దింపంటే మావైపు చెట్టెక్కి కాయలు కోసి కింద పడేయడం.

నేను నేర్చుకున్నది ఇంత. తలకిందులైన క్షణంలో మనిషి తాను చదివింది చేయడు, అలవాటైంది చేస్తాడు. నా వేలికి స్టిక్కును వెనక్కి లాగే అలవాటు, నా నాలుకకు కిందివాళ్ల పేరు చెప్పే అలవాటు ఉన్నాయి. మొదటిదాన్ని పదవీ విరమణకు ముందే వదిలించుకున్నాను. రెండోదానికి సిమ్యులేటరు లేదు.