మైకులో మొగుడి పేరు

పొద్దున్నే మా వీధిలోకి చెత్త బండి వస్తుంది. పాట మొదలయ్యే ముందు దాని మైకు ఒక్క క్షణం గుర్రుమంటుంది. పాటతో నాకు పని లేదు, ఆ గుర్రుమనే చప్పుడు చాలు. చేతిలో కాఫీ గ్లాసు చేతిలోనే చల్లారిపోతుంది. కళ్ల ముందు మంచు, మంచులో ఇసుక, ఇసుక మీద రిక్షా, దాని మీద రేకు హారను, పక్కనే గొంతు పోయిన అప్పలరాజు మావయ్య.

మావయ్య మాకు చుట్టమేమీ కాదు. విశాఖపట్నం పాత ఊళ్లో మా పక్క వాటాలో ఉండేవాడు. మైకు సెట్టు అద్దెకిచ్చేవాడు, రిక్షాకి హారను కట్టి సినిమాల ప్రచారం చేసేవాడు. ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా కట్టుబడిలో ఉన్న రోజులవి. ఎక్కడెక్కడి జనమో పనుల కోసం ఊళ్లో దిగుతుండేవారు, వాళ్ల పిల్లలు తరచూ తప్పిపోతుండేవారు. ఏ తల్లయినా ఏడుస్తూ వస్తే చాలు, మావయ్య సినిమా సంగతి అక్కడికక్కడే వదిలేసి ఆ పిల్ల కోసం వీధులన్నీ తిరిగేవాడు. సినిమా హాలు మేనేజరు చిందులు తొక్కితే, "ఆట రేపూ ఉంటాది బాబూ. గుంట రేపుంటాదా?" అనేవాడు.

అలా అరిచి అరిచి ఆయన గొంతు బొంగురుపోయింది. చివరికి గాలి తప్ప మాట సరిగా రాని స్థితికి వచ్చింది. నాకప్పుడు ఇరవై ఏళ్లు. టైపు పరీక్ష పాసై, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చున్నాను. నా మాట వీధి చివరిదాకా వినిపిస్తోందని అమ్మ రోజూ విసుక్కునేది. ఒకరోజు మావయ్య వచ్చి మా నాన్న ముందు కూర్చుని, "బావా, నీ కూతురి గొంతు నాకియ్యి" అన్నాడు.

"ఆడపిల్ల రిక్షా ఎక్కి అరుత్తాదేటి? రేపు దాన్నెవడు సేసుకుంటాడు?" అన్నాడు నాన్న.

"తప్పిపోయిన గుంటలు నా గొంతిని దడుసుకుంటన్నారు బావా. ఆడగొంతయితే దగ్గరికొత్తారు."

నాన్న చుట్ట నుసి దులిపి, చివరికి సరేనన్నాడు. అలా నేను మైకు పట్టాను. గొప్ప గర్వంగా ఉండేది.

ఆ మాఘ పౌర్ణమి నాడు సముద్ర స్నానాలకి పల్లెలన్నీ ఒడ్డుకి వచ్చాయి. మంచు ఎంత దట్టంగా పట్టిందంటే, హార్బరులో ఓడ కూత వినిపించేదే గాని ఓడ కనిపించలేదు. మనుషులు మంచులోంచి వచ్చి మంచులోకే వెళ్లిపోతున్నారు. అలా వచ్చింది నూకాలమ్మ. ఎలమంచిలి దగ్గర పల్లె ఆమెది. తడి చీరతో వణుకుతూ రిక్షా కమ్మీ పట్టుకుంది. నాలుగేళ్ల కూతురు కనబడటం లేదు. మొగుడు ఇంకోవైపు వెతుకుతున్నాడట.

"గుంట పేరేటమ్మా?" అడిగాడు మావయ్య.

"బుజ్జి బాబూ."

"ఆళ్లయ్య పేరు?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాను సెప్పనేను బాబూ. పెనిమిటి పేరు నోటితో ఎలగంటాను? సిమ్మాద్రి కొండ మీద సామి నేడా, ఆ పేరే."

ఇంకేం, ఆ కొండ మీది స్వామి అప్పన్నే కదా, నాకు తెలిసిపోయింది. మావయ్య ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. నేను ఆగలేదు. "అప్పన్న కూతురు బుజ్జి, పసుప్పచ్చ గౌను వేసుకున్న పాప..." అని ఒడ్డంతా మోగించేశాను.

మంచు విడిపోయింది, ఎండెక్కింది. నేను అప్పన్న కూతురిని పిలుస్తూనే ఉన్నాను. అల వచ్చి వెనక్కి వెళ్లిన ప్రతిసారీ నూకాలమ్మ చూపు దాని వెంటే నీళ్లలోకి వెళ్లేది. అది చూడలేక నేను తల తిప్పుకునేదాన్ని. చివరికి మావయ్య నా చేతిలో మైకు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"పేరు సెప్పినా ఆడి ఆయుస్సుకేటీ అవదమ్మా, నాది పూచీ. నీ గుంట ఎవల సేతిలో ఉందో నీకు తెల్దు. పలుకు."

ఆమె మైకుని రెండు చేతులా పట్టుకుంది. కళ్లు మూసుకుంది. "సిమ్మాచలం!" అని ఒక్క కేక పెట్టింది. "ఓ సిమ్మాచలం! మన బుజ్జి ఇంకా కనపడ్డం నేదు! బుజ్జే, నాను మీ అమ్మనే..."

సింహాచలం. అప్పన్న కాదు. ఆ స్వామి పేరిట రెండూ పెట్టుకుంటారని నాకు తట్టనే లేదు.

కాసేపటికి జాలరిపేట పడవల వైపు నుంచి చేపలమ్మే ఒకావిడ పిల్లని చంకనెత్తుకుని పరుగున వచ్చింది. "పొద్దుట్నుంచి మాకాడే ఉందమ్మా. అప్పన్న కూతురివా అంటే కాదని తలూపేత్తంది. మరి మీ అయ్య పేరేటంటే 'మావ' అంటాది. గౌనూ పేరూ కలిసినా, కాదన్న గుంటని ఎవలికో ఎలగిచ్చేత్తాం? ఇప్పుడు నీ గొంతిని ఎగిరిపడింది."

నూకాలమ్మ ఇసకలో కూలబడింది. పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ముద్దయినా పెట్టకుండా, "మీ అయ్య పేరేటే?" అంది ఏడుస్తూ.

"మావ." తల్లి పిలిచే పిలుపే దానికి తెలిసిన పేరు.

"కాదే అమ్మా. సిమ్మాచలం. అను."

నేను రిక్షా వెనక్కి వెళ్లి వెక్కి వెక్కి ఏడ్చాను. మావయ్య తిట్టలేదు. "తెలీంది తెలిసినట్టు సెప్పకు సత్తెమ్మా. పదిసార్లయినా అడుగు" అన్నాడు, అంతే. ఆ ఎండలో పడవల నీడన కూర్చుని కాదు, కాదు అని తలూపుతున్న ఆ పసిదాన్ని తలుచుకుంటే ఈనాటికీ నాకు సిగ్గేస్తుంది.

అప్పటినుంచి ప్రతి జాతరకీ ముందు ఆయన రిక్షా వాడవాడకీ తిప్పేవాడు. జాలరిపేటలో, ఫ్యాక్టరీ కూలీల పాకల్లో ఆడవాళ్లని పోగుచేసి, పిల్లల ముందు మొగుడి పేరు చెప్పమనేవాడు. నేను పిల్లల్ని "మీ అమ్మ పేరేంటి?" అని అడిగితే "అమ్మే!" అనేవారు. అందరూ పడీపడీ నవ్వేవారు. నవ్వి నవ్వి, మెల్లగా ఒక్కొక్కరే పేర్లు చెప్పేవారు. అత్తగార్లు మమ్మల్ని దుమ్మెత్తిపోసేవారు.

అందరిలోకీ మొండిఘటం మావయ్య భార్య రమణమ్మత్త. "పిల్లల్నేనిదాన్ని, నాకెందుకు?" అనేది. ఒక సాయంత్రం జాలరిపేటలో ఎవరూ నోరు విప్పకపోతే, అత్త తనంతట తనే వచ్చి మైకు లాక్కుంది. "మా ఆయన పేరు అప్పలరాజు! ఇప్పుడు మీరు సెప్పండే!" అంది. పేటంతా చప్పట్లు కొట్టింది. మావయ్య మాత్రం అటు తిరిగి, బాగానే ఉన్న వైరుని చాలాసేపు సరిచేస్తూ ఉండిపోయాడు.

వాళ్లిద్దరూ పోయి చాలా కాలమైంది. మా ఆయనా పోయాడు. ఇప్పుడు నేను అందరికీ అమ్మని, అమ్మమ్మని, పిన్నిగారిని. మనవరాలికి నాలుగేళ్లు. బయటికి వెళ్లే ముందు దాని ఎదురుగా గొంతుక్కూర్చుని నాన్న పేరు, అమ్మ పేరు, వీధి పేరు అడుగుతాను. చివర్లో అమ్మమ్మ పేరు అడుగుతాను.

"సత్యవతి!" అంటుంది గట్టిగా. ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్లు ఇంకెవరూ మిగల్లేదు. ఎక్కడో తప్పిపోయి, ఇప్పుడే దొరికినట్టుంటుంది నాకు. మళ్లీ చెప్పమంటాను.