బాలి బొమ్మల ముందు తప్పుడు అనువాదం

2019 వసంతంలో, జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్‌లో కారు ఎలక్ట్రానిక్స్ పరీక్షించే జట్టుకు నాయకుడిగా ఉన్నప్పుడు, నా దగ్గర పనిచేస్తున్న ఒక అమ్మాయి మాటను కావాలనే తప్పుగా అనువదించాను.

ఆమె పేరు సౌజన్య, అనంతపురం అమ్మాయి. కాట్‌బస్‌లో మాస్టర్స్ చదువుతూ థీసిస్ మా దగ్గర చేస్తోంది. థీసిస్ అయ్యాక అలాంటి విద్యార్థిని ఉద్యోగంలోకి తీసుకోవడాన్ని అక్కడ యూబర్‌నామె అంటారు. దానికి జట్టు నాయకుడి అభిప్రాయం తప్పనిసరి. ఆ ఉద్యోగం వస్తేనే ఆమెకు బ్లూ కార్డు, అంటే అక్కడే ఉండి పనిచేసుకునే అనుమతి.

ఆ రోజు జట్టంతా కలిసి ఇండోనేషియాలోని బాలి ద్వీపపు చిత్రాలకే కేటాయించిన ఒక చిన్న మ్యూజియానికి వెళ్ళాం. రామాయణం బొమ్మలు కనబడగానే జర్మన్ సహోద్యోగులు నావైపు తిరిగారు. తెలియదని చెప్పే అలవాటు నాకు లేదు. గోడ మీది వివరణ ఏ మూర్ఖుడైనా చదువుకోగలడు. నేను అదీ చదవలేదు. రాముడి వెనక నిలబడ్డ నల్లటి బొజ్జ మనిషిని చూపించి రాక్షసుడన్నాను. అంగుళం ఖాళీ లేకుండా ఆకులు నింపడం చేతకానితనమని కూడా తీర్పిచ్చాను.

సౌజన్య పక్కకు వచ్చి మెల్లగా తెలుగులో, "సార్, ఆయప్ప రాక్షసుడు కాదు, రాముని సేవకుడంట. మన తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు లేడా, అట్లా నవ్విస్తాడంట. ఆడ రాసుండారు చూడండి" అంది. నలుగురిలో నా పరువు పోకూడదనే తెలుగులో అంది.

ఏమంటోందని మా ఇంజినీరు యెన్స్ అడిగాడు.

"టాయిలెట్ ఎక్కడని అడుగుతోంది" అన్నాను జర్మన్‌లో.

అతను మర్యాదగా దారి చూపించాడు. ఆమెకు జర్మన్ బాగానే వచ్చు. నావైపు ఒకసారి చూసి, అటే వెళ్ళింది.

సోమవారం విభాగాధిపతి అడిగితే ఆమె జర్మన్ చాలదన్నాను. మ్యూజియంలో కూడా నేనే అనువదించాల్సి వచ్చిందని ఉదాహరణ ఇచ్చాను. సిగ్గులేనితనానికి అంతకన్నా పై మెట్టు ఉంటుందనుకోను. యూబర్‌నామె ఆగిపోయింది.

కారణం తెలుసుకుని సౌజన్య నా గదికి వచ్చింది. వేరే కంపెనీకి సిఫారసు చేస్తానన్నాను.

"మీ సిఫారసు నాకొద్దు సార్. టాయిలెట్ అని చెప్పింది మీరే కదా, కాదని గూడా మీరే చెప్పండి" అంది.

వారపు సమావేశంలో అందరి ముందూ జరిగిందంతా చెప్పాను. యెన్స్ తల దించుకున్నాడు. మీరిచ్చిన మిగతా అభిప్రాయాలు కూడా మళ్ళీ చూడాలా అని విభాగాధిపతి అడిగాడు. చూడమన్నాను. ఆమెతో ఆయనే స్వయంగా మాట్లాడి ఉద్యోగంలోకి తీసుకున్నాడు. నా జట్టు వద్దని మాత్రం ఆమె షరతు పెట్టింది.

ఎవరి భాష గురించైనా అభిప్రాయం చెప్పే అధికారం నాకు వద్దని ఆ వారమే రాసిచ్చాను. నేను రిటైరయ్యేదాకా మా జట్టులో ఆ పని యెన్స్ చేశాడు.