ఎవరి పక్కన మేసింది?

మా బాబాయికి ఉన్న జబ్బు ఒకటే. మేక మేసిందా అని అడగడు. ఎవరి పక్కన మేసిందని అడుగుతాడు.

దొడ్డిలో నలభై మేకలు. దేనికి దేనితో స్నేహం, దేనికి ఏదంటే పడదు, అన్నీ ఆయనకు కంఠతా. తొట్టి దగ్గర అన్నింటినీ కుమ్మి తరిమే మేకకు 'పెద్దత్త' అని పేరు పెట్టాడు. దాని నీడ పడితే చాలు వెనక్కి తగ్గేది 'చిన్నకోడలు'. చిన్నకోడలు కడుపునిండా తినాలని తొట్టికి అడ్డంగా చెక్క కొట్టించాడు. పెద్దత్త అలిగి రెండు పూటలు మేత ముట్టకపోతే, దాని గడ్డం పట్టుకుని బతిమాలాడు.

"నాకు జ్వరమొచ్చి పస్తున్నప్పుడు ఇంత బతిమాలారా?" అంది పిన్ని.

"నువ్వు కుమ్మవుగా!"

మనుషులతోనూ అంతే. ఓసారి ఫోన్ చేసి, "భోంచేశావురా?" అన్నాడు.

"చేశాను బాబాయ్."

"ఎవరి పక్కన?"

"మా ఎడిటర్ పక్కన."

"అయితే సగం కడుపే నిండుంటుంది. మళ్ళీ తిను."

ఆ మధ్య పాలు పితకడానికి ఒక కొత్తావిడ చేరింది. పాత పనివాళ్ళు ముగ్గురూ పదేళ్లుగా ఒక్కచోటే కూర్చుని తింటారు. ఈవిడ దగ్గరికొస్తే మాటలు ఆపేసేవారు. ఆవిడ గడ్డివాము వెనక్కి పోయి క్యారియర్ విప్పుకునేది. చివరికి, నెలాఖరుకు మానేస్తానని పిన్నితో చెప్పేసింది. మానేస్తే మళ్ళీ గడపగడపా తిరిగి పని వెతుక్కోవాలి.

మర్నాడు బాబాయి అందరినీ పిలిచాడు.

"నల్లమేకకు మనాది పట్టుకుంది. మధ్యాహ్నం పక్కన ఇద్దరు కూర్చుని కబుర్లాడుతూ తింటేనే మేస్తుంది. కొత్తావిడ రోజూ ఉంటుంది. మీ ముగ్గురిలో రోజుకొకరు వంతు."

"మేకకు కబుర్లేంటండీ?" అన్నాడు మేత కోసేవాడు.

"నీకు మాత్రం ఎందుకు? తింటున్నంతసేపూ నోరు మూస్తావా?"

పది రోజులకే వంతుల లెక్క తప్పింది. నలుగురూ నల్లమేక దగ్గరే క్యారియర్లు విప్పడం మొదలుపెట్టారు. వాళ్ళ నవ్వులు వీధిలోకి వినిపించేవి.

ఆ తర్వాతి నెలలో ఒక ఆదివారం వెళ్లాను. భోజనాల వేళ ఇంకా కాలేదు. దొడ్డిలో బాబాయి తప్ప ఎవరూ లేరు. నల్లమేక తొట్టిలో తలపెట్టి కరకరా మేస్తోంది.

"బాబాయ్! ఇది ఒక్కతే తినేస్తోందిగా!"

"అరవకురా. మేక విన్నా ఫర్వాలేదు, వాళ్ళు వింటారు."

తిరిగి వస్తుంటే గేటు దగ్గర కొత్తావిడ ఆపింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"బాబూ, ఆ నల్లదానికి ఏ మనాదీ లేదు. రెండో రోజే చూశాను. పెద్దాయనతో మాత్రం అనకండి. పాపం, నిజమనే నమ్ముతున్నారు."