మనీలా వాళ్ళు చూసిన నది

నిన్న మనీలాలో నిండు హాలు నాకు చప్పట్లు కొట్టింది. ఆ మంట ఇంకా తగ్గలేదండీ. చెప్తాను, వినండి.

విజయనగరంలో నాది పెళ్లి వీడియోల ఎడిటింగ్ పని. ఫిలిప్పీన్స్‌లో కుర్రాళ్ళు చిన్న డిజిటల్ కెమెరా పట్టుకుని, స్టార్లు లేకుండా, తమ వీధి మనుషులతో తమ భాషలోనే సినిమాలు తీసి దేశదేశాల ఫెస్టివల్స్‌కి పంపుతారు. అవి చూసి చూసి నాకూ పూనకం వచ్చింది. పెళ్లిళ్ల కెమెరాతోనే శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డునున్న మా నీలమ్మత్త ఊరికి పోయాను. చేపలమ్మే అత్తే హీరోయిన్. కథ ఏముంది, వేటకెళ్ళిన పడవ కోసం ఎదురుచూడ్డమే.

"నా మాట మార్సకపోతేనే సేస్తాను" అంది అత్త. మార్చనన్నాను. డబ్బింగులో యాస దిద్దుదామన్న ఫ్రెండ్‌తో మాటలు కూడా మానేశాను.

మనీలా ఫెస్టివల్‌లో సినిమా సెలెక్ట్ అయింది. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ కావాలన్నారు. నాకేమో పెళ్లి వీడియోల తొందర. సాఫ్ట్‌వేర్‌కి అప్పజెప్పేసి, మన తెలుగే కదా, మళ్ళీ చూసేదేముందని పంపేశాను.

నిన్న అక్కడ షో. ఇక్కడ నేను అత్తని పక్కన కూర్చోబెట్టుకుని ల్యాప్‌టాప్‌లో చూస్తున్నా. తెరమీద అత్త "ఏటి, సేపలు రాలేదా?" అంది. కింద "నది చేపలు రాలేదా?" అని పడింది. "ఏటి బతుకురా ఇది" అంటే "ఇది నది బతుకు" అట. మన 'ఏటి' అంటే 'ఏమిటి' అని దానికేం తెలుసు, ఏరు అనుకుంది. సినిమా మొత్తం సముద్రమే, పిల్లకాలువ కూడా లేదు.

అయ్యాక వీడియో కాల్‌లో మమ్మల్ని హాలు తెరమీద చూపించారు. ఒకావిడ లేచి కళ్ళు తుడుచుకుంటూ, "ప్రతి మాటలోనూ నదే. ఒక్కసారి కూడా చూపించలేదు. సముద్రం మనుషులకి నది మీద ఎంత బెంగ" అంది ఇంగ్లిష్‌లో. నాకు ఒళ్ళు మండిపోయింది. మా అత్త పడ్డ బాధ ఏది, వీళ్ళు ఏడుస్తున్నది దేనికి? బెంగా లేదు, నదీ లేదు అని చెప్పేద్దామని మైక్ ఆన్ చేశాను.

అంతలో అత్త మైకులోకి వంగి, "ఏటి? ఏటి అంతన్నాదిరా ఆయమ్మ?" అంది.

అక్కడ తెరమీద లైవ్ ట్రాన్స్‌లేషన్ పడింది: "నది. ఆమె నది అంటోంది."

హాలంతా లేచి నిలబడి చప్పట్లు. అత్త దణ్ణం పెట్టింది. మరి నేనా? ఆ నదిని నేనే తవ్వినట్టు వంగి మరీ దణ్ణం పెట్టాను.